నోరు విప్పితే తీరే గొడవకు ఆరువందల పేజీలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకే ఏడుపు. ఎదురుచూసి ఎదురుచూసి కొన్న రెండో భాగం ఉసూరుమనిపించిందని. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం ఫాంటసీ ప్రేమకథలకే ఇచ్చేశాను. గొడవకు మూలమైన సిరీస్ పేరు మాత్రం రాయడం లేదు. చదివినవాళ్లు రెండు వాక్యాల్లో పట్టేస్తారు, చదవనివాళ్ల సరదా చెడగొట్టడం దేనికి? వేరే పుస్తకాల ప్రస్తావన వచ్చినచోట కథ బయటపెట్టక తప్పలేదు. స్పాయిలర్లంటే పడనివారు పేజీ తిప్పేయండి.

ప్రశ్న: మొదటి భాగమంటే నాకు ప్రాణం. హీరోయిన్ చేత్తో తాకితే గాయం మానిపోతుంది, కానీ మాన్పిన ప్రతిసారీ ఆమె జ్ఞాపకాల్లో ఒకటి పోతుంది. శత్రురాజ్యపు సేనాపతి ఆమెకు కాపలా. ఆమె మరిచిపోతున్నవన్నీ అతను ఒక నోటుపుస్తకంలో రాసి, రోజూ పొద్దున్నే చదివి వినిపిస్తాడు. చివరికి అతన్ని బతికించబోయి ఆమె అతన్నే మరిచిపోతుంది. వెక్కివెక్కి ఏడ్చాను. రెండో భాగం తేదీ ప్రకటించిన రోజే ప్రీఆర్డర్ చేశాను. తీరా చూస్తే నలభై పేజీలు తిరక్కుండానే ఆమెకు అన్నీ గుర్తొచ్చేశాయి! ఆ తర్వాత అతని పాత ప్రియురాలు దిగబడింది, ఒక అపార్థం, ఇద్దరికీ మాటల్లేవు. ఆఖరి యుద్ధంలో సైన్యం మొత్తాన్ని నయం చేసి కూడా ఆమె ఒక్క జ్ఞాపకం పోగొట్టుకోలేదు. నాకే ఏదో అర్థం కాలేదా, లేక పుస్తకమే బాగాలేదా?
– ఒక వీరాభిమాని

జవాబు: మీకు అంతా అర్థమైందండీ. అర్థమైంది కాబట్టే ఇంత కోపం. పైపైన చదివేసినవాళ్లకు ఆ యుద్ధం బాగానే ఉంటుంది. కత్తులు, మంటలు, ఆకాశంలోంచి దూసుకొచ్చే రెక్కల గుర్రాలు, దేనికీ లోటు లేదు. మొదటి భాగం పెట్టిన నియమాలను గుర్తుపెట్టుకున్న మీలాంటివాళ్లకే అన్యాయం జరిగింది.

మొదటి భాగంలో ఆ మాయకు ఒక ఖరీదుంది. కథకు అదే ఆయువుపట్టు. ఒక పిల్లాడి మోచేతి మీద గీరుకుపోయిన చర్మాన్ని మాన్పినందుకు ఆమె తన ఇంటి తలుపు రంగు మరిచిపోతుంది, గుర్తుందా? గాయమూ చిన్నదే, నష్టమూ చిన్నదే. అయినా అక్కడ మనకు గుండె జారుతుంది. ముందుముందు పెద్ద గాయాలు రాబోతున్నాయని అప్పుడే తెలిసిపోతుంది కాబట్టి. అక్కడి నుంచి ఎవరికి దెబ్బ తగిలినా టెన్షనే. ఆమె చెయ్యి చాపుతుంటే వద్దు తల్లీ అని అరవాలనిపిస్తుంది. రెండో భాగంలో అదే చెయ్యి వేలమందిని తాకింది, ఏమీ పోలేదు. ఎలాగయ్యా అంటే, ప్రేమ వల్ల ఆమె శక్తి సంపూర్ణమైందట! ఒక్క ముక్కలో తేల్చేసి చేతులు దులిపేసుకున్నారు. మాయ ఉచితమైపోయాక యుద్ధంలో ఎంతమంది పడిపోతే మనకేం? ఎలాగూ ఆమె వస్తుంది, తాకుతుంది, లేస్తారు.

ఇక ఆ అపార్థం సంగతి. పాత ప్రియురాలు అతని చెయ్యి పట్టుకుని ఉండగా హీరోయిన్ కంటపడుతుంది. అతను చెయ్యి ఎందుకు ఇచ్చాడో మనకు తెలుసు, ఆమెకు తెలియదు. సరే, చెప్పేస్తే పోతుంది కదా? చెప్పబోతాడు, దూత వస్తాడు. రెండోసారి చెప్పబోతాడు, కోట మీద బూర ఊదుతారు. మూడోసారి ఆమే అడుగుతుంది, ఈలోగా గుర్రం బెదురుతుంది. ఆ బూర ఊదేవాడెవడో గానీ పుస్తకంలో అందరికంటే కష్టపడింది వాడే. ప్రేమికులిద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి తలుపేస్తే పది నిమిషాల్లో తీరిపోయే గొడవను అడ్డంకి అనరు. దాన్ని సాగదీత అంటారు.

నా అసలు బాధ అది కూడా కాదు. ఆ రచయిత్రి చేతిలో బంగారంలాంటి గొడవ ఒకటి ముందే ఉంది. మొదటి భాగంలో తనే పెట్టుకుని, రెండో భాగంలో తనే దాన్ని దాటుకుని వెళ్లిపోయింది. నోటుపుస్తకం గురించే చెబుతున్నాను. అతను అందులో ఏం రాస్తాడో గుర్తు చేసుకోండి. నీ చెల్లెలు నీకంటే అంగుళం పొడవు, ఆ మాటెత్తితే నీకు ఒళ్లు మండుతుంది. వాన ముందు నీ ఎడమ మోకాలు నొప్పెడుతుంది. ఇలాంటివన్నమాట, చిన్నచిన్నవి. కుడిచేతికి గాయమై ఎడమచేత్తో రాసిన పేజీల్లో అక్షరాలు వంకర్లు పోయాయని కూడా చెప్పింది రచయిత్రి. అంతా శ్రద్ధగా రాసే ఈ మనిషి ఎవరు? ఆమె ఊరిని తగలబెట్టిన సైన్యానికి సేనాపతి. ఆ ఊరు కాలిన రాత్రి ఆమె జ్ఞాపకాల్లోంచి ఎప్పుడో పోయింది. మొదటి భాగం పన్నెండో అధ్యాయంలోనే పోయింది. మరి ఆ రాత్రిని అతను నోటుపుస్తకంలో రాశాడా? రాసినా, పొద్దున్నే చదివేటప్పుడు ఆ పేజీ చదువుతాడా, గబుక్కున తిప్పేస్తాడా?

ఒక్కసారి ఊహించండి. ఆమె అతన్ని కూడా మరిచిపోయింది. ఇప్పుడు అతను తనెవరో ఆమెకు కొత్తగా చెప్పుకోవాలి. ఉన్నదున్నట్టు చెబితే ఆమె దక్కదు. ఆ ఒక్క పేజీ దాచేస్తే దక్కుతుంది, కానీ ఆమె ప్రేమించేది అతను కల్పించిన మనిషిని. ఏ పాత ప్రియురాలూ అక్కర్లేదు, ఏ బూరా ఊదక్కర్లేదు. పది నిమిషాలు మాట్లాడుకుంటే తీరే గొడవ కాదిది, మాట్లాడితేనే మొదలయ్యే గొడవ. రెండో భాగంలో ఆ నోటుపుస్తకం ఏమైందో తెలుసుగా? మూడో అధ్యాయంలో నది దాటుతుంటే సంచీతో సహా కొట్టుకుపోయింది. ఒకే ఒక్క వాక్యం. ఆ తర్వాత ఎవరూ దాని ఊసే ఎత్తలేదు, రాసినవాడు కూడా.

మరపు మీద ప్రేమకథ నడపడం ఎలాగో మన దగ్గర ఎప్పుడో చేసి చూపించారు. భారతంలోని శకుంతల కథలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు. దుష్యంతుడికి అన్నీ గుర్తే, తెలిసీ తెలియనట్టు నటిస్తాడు. శాపమూ, ఉంగరమూ కాళిదాసు తెచ్చిపెట్టినవి. వాటివల్ల రాజు మన దృష్టిలో దుర్మార్గుడు కాకుండా మిగిలాడు. అంతటితో వదిలేయలేదు కాళిదాసు. ఆరో అంకంలో ఉంగరం దొరికి అన్నీ గుర్తొచ్చాక వెంటనే ఇద్దర్నీ కలిపేశాడా? లేదు. ఆ అంకమంతా దుష్యంతుడు కుమిలిపోవడమే. కలయిక ఏడో అంకానికి గానీ రాదు. గుర్తు రావడం సుఖం కాదు, శిక్ష అన్నమాట. మన సిరీస్‌లో గుర్తొచ్చిన మర్నాడే విందు, పాటలు, నాట్యం.

కాబట్టి పుస్తకం బాగాలేదు. మీ తప్పేమీ లేదు.

ప్రశ్న: నా స్నేహితురాలికి రెండో భాగమే ఎక్కువ నచ్చిందట. నేను లోపాలు చెబుతుంటే ముఖం మాడ్చుకుంటోంది. ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒప్పించడం ఎందుకు? ఆమె ఆ రెక్కల గుర్రాల కోసం చదివి ఉంటుంది. ఆ ప్రపంచం, రాజ్యాల మ్యాపు, కొత్త నగరం, వీటి దగ్గర రెండో భాగం నిజంగానే మొదటిదాన్ని మించింది. ఉప్పుగనుల నగరం వర్ణన నాకూ నచ్చింది. మీరు ప్రేమకోసం వెళ్లారు, ఆమె విహారానికి వెళ్లింది. దెబ్బలాట మానేసి ఆ గుర్రాల గురించి మాట్లాడుకోండి.

ప్రశ్న: ప్రేమికుల్ని విడదీస్తేనే రెండో భాగం పాడవుతుందని నా అభిప్రాయం. మొదటి భాగంలో కలిపి, రెండోదాంట్లో విడదీయడం పాఠకుల్ని మోసం చేయడం కాదా?

జవాబు: కాదండీ. విరహం లేని ప్రేమకథ ఏముంటుంది? ఎందుకు విడిపోయారన్నదే చూడాలి. 2006లో వచ్చిన 'న్యూ మూన్' తీసుకోండి, 'ట్విలైట్' సిరీస్‌లో రెండోది. హీరో మొదట్లోనే వెళ్లిపోతాడు, చాలాసేపటి దాకా తిరిగి రాడు. అతని కోసమే పుస్తకం కొన్నవాళ్లు గగ్గోలు పెట్టడంలో వింతేముంది? కానీ విడదీసిన తీరు చూడండి. హీరోయిన్ పుట్టినరోజు. బహుమతి మీద కాగితం విప్పుతుంటే వేలు తెగి ఒక్క చుక్క నెత్తురు వస్తుంది. ఆ ఇంట్లో ఉన్నవాళ్లంతా రక్తపిశాచులు. అతని సోదరుడే ఆమె మీదికి దూకుతాడు. తన పక్కన ఉన్నంతకాలం ఆమెకు ముప్పేనని హీరో వెళ్లిపోతాడు. ఆ నిర్ణయం తెలివితక్కువదని తిట్టుకోవచ్చు, కానీ అది ఎక్కడినుంచో ఊడిపడలేదు. నెత్తురంటే వాళ్లకు ఆగదని మొదటి పుస్తకమే చెప్పింది. దాని ఫలితమే ఇది.

అతను వెళ్లాక వచ్చే పేజీలు ఇంకా బాగుంటాయి. ఒక్కో పేజీలో ఒక్కో నెల పేరు. అక్టోబర్, నవంబర్, డిసెంబర్, జనవరి. ఇంకేమీ ఉండదు. ఆ సిరీస్ మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి, ఆ ఖాళీ పేజీల మీద మాత్రం లేదు. దుఃఖాన్ని అరవై పేజీలు వర్ణించి విసిగించే బదులు నాలుగు పేజీలు ఖాళీగా వదిలేయడానికి ధైర్యం కావాలి.

ప్రశ్న: తప్పు రచయితదా, ప్రచురణకర్తలదా? మొదటిది హిట్టయితే చాలు, రెండోదాన్ని హడావుడిగా దింపేస్తున్నారు కదా?

జవాబు: హడావుడి మాట నిజమే. ఈ మధ్య పేరు మోగిన 'ఫోర్త్ వింగ్' 2023 మేలో వచ్చింది, రెండో భాగం 'ఐరన్ ఫ్లేమ్' అదే ఏడాది నవంబర్‌లో వచ్చేసింది. మధ్యలో ఆరు నెలలు. మూడోదానికి మాత్రం 2025 జనవరి దాకా ఆగారు.

మొదటి పుస్తకం రాసేటప్పుడు చాలామందిని అడిగేవాళ్లుండరు. ఏళ్లకేళ్లు దగ్గర పెట్టుకుని తిరగరాసుకోవచ్చు. రెండోదానికి వచ్చేసరికి ఒప్పందం ఉంటుంది, తేదీ ఉంటుంది, కవరు బొమ్మ ముందే బయటికొచ్చేసి ఉంటుంది. మొదటి పుస్తకానికి పదేళ్ల ఆలోచన, రెండోదానికి పది నెలల డెడ్‌లైన్. ఎడిటర్‌కు చదివే తీరిక కూడా అంతంతమాత్రమే. పుస్తకం లావు చూసి పాఠకులు సంతోషిస్తారు గానీ, లావంటే చాలాసార్లు కత్తిరించే సమయం చాలలేదని అర్థం.

అలాగని నెపమంతా కాలెండర్ మీదికి నెట్టేయకండి. 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్' 2015 మేలో వచ్చింది, దాని రెండో భాగం సరిగ్గా ఏడాదికి. ఆ రెండోదే మొదటిదానికంటే గొప్పదనేవాళ్లు కోకొల్లలు. ఏం చేసిందంటే, మొదటి పుస్తకం చివర మనం సుఖాంతం అనుకున్నదాన్నే అనుమానించింది. అంత కష్టపడి దక్కించుకున్న ప్రియుడు, రక్షణ పేరుతో ఆమెను ఇంట్లో పెట్టి బంధిస్తాడు. ఆమెకు ఊపిరాడదు. అలా చూస్తే మొదటి పుస్తకంలోనే ఆ లక్షణాలు కొన్ని కనిపిస్తాయి, మనమే పట్టించుకోలేదు. పెళ్లికూతురి బట్టల్లో ఆమె భయంతో ఆగిపోయే ఘట్టం చదివి, మొదటి భాగాన్ని మళ్లీ తిరగేసినవాళ్లుంటారు. రెండో భాగం చేయాల్సిన పని అదే, మొదటిదాన్ని మళ్లీ తెరిపించడం. ఏడాదిలో రాసినా సరే, పదేళ్లలో రాసినా సరే.

ఇంకో చిక్కు కూడా ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ప్రేమ నవలంటే ఏమిటో అమెరికాలో రొమాన్స్ రచయితల సంఘం ఒక నిర్వచనం పెట్టుకుంది. కథకు ప్రేమే కేంద్రంగా ఉండాలి, ముగింపు తృప్తిగా, ఆశాజనకంగా ఉండాలి. ఒకే పుస్తకమైతే సరే. ఐదు భాగాల సిరీస్ అయితే ఆ తృప్తి ఎక్కడో ఐదోదాంట్లో ఉంటుంది. ఫాంటసీకేమో ప్రతి భాగంలోనూ ముందుకంటే పెద్ద ప్రమాదం కావాలి. మధ్య భాగాలు ఈ రెండింటికీ సమాధానం చెప్పుకోలేక నలిగిపోతాయి. ప్రేమికులిద్దరినీ ఒకచోట ఉంచితే ప్రేమకథ అయిపోయినట్టుంటుంది, విడదీస్తే ఫాంటసీ మాత్రమే మిగులుతుంది. దీనికి చేతకాని రచయిత వెతుక్కునే దగ్గరి దారే ఆ పాత ప్రియురాలు.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. ఒక ఫాంటసీ ప్రేమకథ రాసి స్నేహితులకు చదివిస్తే చాలా మెచ్చుకున్నారు. రెండో భాగం మొదలుపెట్టాను, అడుగు పడటం లేదు. ఏవైనా సలహాలు చెబుతారా మేడమ్?

జవాబు: శుభం బాబూ. ముందు రెండోదాన్ని పక్కనపెట్టి, మొదటిదాన్ని పరాయివాడిలా చదువు. నువ్వు ఇచ్చిన మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకో. మాయకు ఏం ఖరీదు పెట్టావు? ఎవరు ఎవరికి ఏం దాచారు? ఎవరి తప్పు బయటపడకుండా మిగిలిపోయింది? ఆ కాగితంలోనే నీ రెండో భాగం ఉంటుంది. కొత్త విలన్ కోసం వెతకాలనిపిస్తే, ఆ కాగితం సరిగ్గా రాయలేదని లెక్క.

చిన్నవాటిని చులకన చేయకు. నేను ఒకప్పుడు సీరియల్ నవలల ప్రూఫులు దిద్దేదాన్ని. ఒక సీరియల్‌లో హీరోయిన్ ఎడమ చెంప మీది పుట్టుమచ్చ పదిహేడో వారానికి కుడి చెంప మీదికి వచ్చేసింది. రచయితకు చెబితే, ఎవరు చూడొచ్చారండీ అని నవ్వేశారు. మరుసటి వారం ఉత్తరాలు చూడాలి! అందులో ఒకావిడ పేజీ నెంబర్లతో సహా రాసి, ఆ చెంపా ఈ చెంపా కాదు, ఇంతకీ ఇది ఆ అమ్మాయేనా, కవల పిల్లా అని అడిగింది. పాఠకులు నీకంటే శ్రద్ధగా చదువుతారు. ఎందుకంటే నువ్వు పది పనుల మధ్య రాస్తావు, వాళ్లు అన్ని పనులూ ఆపి చదువుతారు.

ఇంకొకటి. మొదటి మూడు అధ్యాయాల్లో పాత కథ మొత్తం గుర్తుచేయబోకు. మరిచిపోయినవాడు ఎలాగూ వెనక్కి వెళ్లి చదువుకుంటాడు, గుర్తున్నవాడికి విసుగొస్తుంది. కావలసినప్పుడు కావలసినంతే, అదీ పాత్రల గొడవలో కలిపి చెప్పు. నువ్వు ఆ రోజు గేటు తీశావు కాబట్టే కదా మా అన్న పోయాడు అని ఒక పాత్ర అరిస్తే చాలు, ఒక అధ్యాయమంత కథ గుర్తొచ్చేస్తుంది.

ఇద్దర్నీ ఒకేచోట ఉంచడానికి భయపడకు. ఒకే గుడారంలో, ఒకరికొకరు తెలిసినవాళ్లుగా, ప్రేమ ఉండగానే నమ్మకం లేకుండా పోతే ఎలా ఉంటుందో రాసి చూడు. కష్టం. అందుకే చాలామంది ఒకర్ని కిడ్నాప్ చేయించేస్తారు.

ప్రశ్న: రచయిత్రికి చాలా ఘాటుగా ఒక ఉత్తరం రాశాను. పంపనా?

జవాబు: మర్నాడు మళ్లీ చదివి, ఆమె గురించి రాసినవన్నీ కొట్టేయండి, పుస్తకం గురించి రాసినవి ఉంచండి. ఏమైనా మిగిలితే రివ్యూగా పెట్టండి. నేరుగా ఆమెకు పంపకండి. కొన్నందుకు పుస్తకాన్ని తిట్టే హక్కు మీకుంది, ఆమె ఇంటి తలుపు తట్టి తిట్టే హక్కు లేదు.

ప్రశ్న: ఇంతకీ మూడో భాగం కొనాలా, వద్దా? రెండోది చివర్లో ఊరించి వదిలేశారు.

జవాబు: ఊరింపు చూసి కొనకండి. చివరి పేజీలో తలుపు తట్టి ఎవరో వచ్చారని చెప్పి ఆపేయడం ఎవరైనా చేస్తారు. ఉచితంగా చదవనిచ్చే నమూనా అధ్యాయాలు చూడండి. అందులో ఆమె ఎవరినైనా నయం చేస్తే, ఏదైనా పోయిందా లేదా చూడండి. పోతే రచయిత్రి దారికొచ్చినట్టే, కొనండి. పోకపోతే మొదటి భాగం దగ్గరే కథ అయిపోయిందనుకుని హాయిగా ఉండండి. ఆమె అతన్ని మరిచిపోయే ముగింపు నిజానికి ముగింపుగానే బాగుంటుంది. సిరీస్ పూర్తి చేయాలని ఎవరూ మనకు చట్టం పెట్టలేదు.

ప్రశ్న: మొదటిదానికీ రెండోదానికీ మధ్య జరిగే కథతో హీరో కోణంలో ఒక చిన్న పుస్తకం ఉందట. అది చదివితే రెండోది నచ్చుతుందా?

జవాబు: నచ్చదు. హీరో మీద గౌరవం పెరుగుతుంది, రెండోదాని మీద కోపం ఇంకా పెరుగుతుంది. లైబ్రరీలో దొరికితే చదవండి, కొనక్కర్లేదు.